అప్‌డేట్: లాలాజలం కలిపినా నీలిరంగు ఎందుకు పోలేదంటే

స్టార్చ్ ద్రావణంలో లాలాజలం కలిపి 20 నిమిషాలు ఉంచినా అయోడిన్ వేస్తే నీలిరంగే (స్టార్చ్ ఇంకా మిగిలి ఉందనే గుర్తు) వస్తోందని అడిగాను కదా, దొరికింది. ఉడికించిన 1% స్టార్చ్ చల్లారకముందే లాలాజలం పోయడమే తప్పు. లాలాజలంలో స్టార్చ్‌ని తెంచే ఎంజైమ్ అమైలేజ్ ఒక ప్రోటీన్, ఆ వేడికి దాని ఆకారం చెదిరింది, చల్లార్చినా తిరిగి రాలేదు.

ఈసారి 5 మి.లీ. స్టార్చ్‌ని 37 డిగ్రీలకు తెచ్చాకే, పదింతలు పలుచన చేసిన లాలాజలం 1 మి.లీ. కలిపాను. చిటికెడు ఉప్పు కూడా: అమైలేజ్ చురుగ్గా పనిచేయాలంటే క్లోరైడ్ కావాలి, డిస్టిల్డ్ వాటర్‌లో అది ఉండదు. అయోడిన్ గొట్టంలో వేయకుండా, నిమిషానికో చుక్క తెల్ల టైల్ మీదకు తీసి చూశాను. నీలం ఊదాగా, తర్వాత ఎర్రగోధుమగా మారి, చివరికి అయోడిన్ సొంత పసుపు మిగిలింది. ఆ ఎర్రగోధుమ దశను అసలు వదలొద్దు: సగం తెగిన స్టార్చ్ గొలుసులు, అంటే డెక్స్‌ట్రిన్లు, అక్కడ కళ్లకు కనిపిస్తాయి. మరిగించిన లాలాజలంతో పెట్టిన రెండో గొట్టం మాత్రం నీలంగానే ఉంది.