టర్బో ఇంజిన్‌లో నాకింగ్‌కు నీళ్లు పనిచేస్తాయా?

ప్రశ్న: నా పెట్రోలు కారుకు విడిగా టర్బో పెట్టించాను. పెద్ద గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, రేకు డబ్బాలో గోలీలు ఆడించినట్టు టకటకమంటోంది. గాలితో పాటు సన్నగా నీళ్లు చిమ్మితే తగ్గుతుందని మిత్రుడు అంటున్నాడు. ఇంజిన్‌లోకి నీళ్లంటే భయంగా ఉంది.

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట ఇంకా చేరకముందే, సిలిండర్ అంచున ఉన్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తానే భగ్గుమంటుంది. మీరు వింటున్నది ఆ దెబ్బనే, దీన్నే నాకింగ్ అంటారు. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి పడుతుంది, పెట్రోలుకైతే 350 చాలు. అంటే కొద్దిపాటి నీరే చాలా వేడిని లాగేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలకు సగం నీరు, సగం మిథనాల్ కలిపి ఇలాగే వాడారు. 2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ కూడా నీటి ట్యాంకుతోనే వచ్చింది.

నాజిల్‌ను ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చే భాగం) తర్వాత, థ్రాటిల్‌కు (గాలిని నియంత్రించే కవాటానికి) ముందు బిగించండి. నీరు పొగమంచులా పడాలి, ధారగా కాదు. ఖర్చయ్యే పెట్రోలులో పదో వంతు నీటితో మొదలుపెట్టండి. డిస్టిల్డ్ వాటరే పోయండి, మామూలు నీటిలోని లవణాలు నాజిల్‌ను పూడ్చేస్తాయి. ఇంజిన్ ఆగగానే నీటిని మూసేసే వాల్వు తప్పనిసరి. సిలిండర్‌లోకి కారి నిలిచిన నీరు గాలిలా కుదించుకోదు, స్టార్ట్ చేస్తే పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ట్యాంకు ఖాళీ అయితే ఏమవుతుందో కూడా ముందే ఆలోచించాలి. నీళ్లను నమ్మి బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచుకున్నాక అవి అయిపోతే ఇంజిన్‌కు రక్షణ ఉండదు. 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో ఇలా చిమ్మే ద్రవం అయిపోతే బూస్టు దానంతటదే తగ్గేది. మీరూ అలాంటి ఏర్పాటు చేసుకోండి.

అన్నట్టు, ఈ శబ్దం మొదటి నుంచీ ఉందా, ఈమధ్యే మొదలైందా? ఒకసారి ప్లగ్గులు విప్పి చూడండి.

ప్రశ్న: నెల రోజులుగానే. ఇప్పుడే విప్పాను. మూడు బాగానే ఉన్నాయి. నాలుగో దాని తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, మధ్యలో వెండిలా మెరిసే రవ్వలు ఉన్నాయి.

జవాబు: ఆ రవ్వలు పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. దయచేసి ఇక ఆ కారును నడపకండి. ఒక్క సిలిండర్‌లోనే ఇలా ఉందంటే, ముందు దాని ఇంజెక్టర్ సరిగా పెట్రోలు పోస్తోందో లేదో చూడాలి. కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) కొలిపించి, కెమెరాతో పిస్టన్ తల చూపించి ఇక్కడ రాయండి. నీళ్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.