చదువుకుని ఆయా పనికా? 12,000 అడిగితే ఎక్కువా?

సిల్క్‌సిటీ_పిల్ల:
మాది ఒడిశాలోని బరంపురం. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో పసిపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమా చేస్తున్నాను, ఏడాది కోర్సు, ఆఖరికొచ్చింది. ఇక్కడ ఒక డాక్టర్ల ఇంట్లో 14 నెలల పాపను చూసుకోవాలి, పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా. 9,000 ఇస్తారట, పాప పడుకున్నప్పుడు ఇంటి గిన్నెలు కూడా తోమాలట. నేను 12,000 అడిగాను, పాప సీసాలు, బట్టలు నా పని, మిగతావి కావన్నాను. ఇంకోటి, పాపతో ఇంగ్లీషులోనే మాట్లాడాలట, వాళ్ళూ తెలుగువాళ్ళే. మా అమ్మ ‘ఇంత చదివి ఆయా పనేమిటే’ అని ఒకటే ఏడుపు. నేనడిగింది తప్పా?

పర్లాకిమిడి_మాస్టారు:
తల్లీ, పిల్లకి ముద్ద కలిపి పెట్టడానికి డిప్లొమా ఎందుకమ్మా? మా అమ్మ ఎనిమిది మందిని పెంచింది, ఏ సర్టిఫికెట్ చూపించింది? భాష సంగతంటావా, 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా ఇంట్లో తెలుగు పోలేదు, ఇప్పుడు మనవాళ్ళే పోగొడుతున్నారు.

కాశీనగర్_కుర్రాడు:
ఆయాని ఇంగ్లీషులో నానీ అంటారు కదా, ఆ నానీ అంటే మనకి మగపిల్లాడి ముద్దుపేరు, ఒడియా వాళ్ళకి అక్క. ఏ ఇంటికి వెళ్తున్నావో చూసుకుని చెప్పు 😄

నైట్‌డ్యూటీ_అమ్మ:
మాస్టారూ, డిప్లొమా ఎందుకో నన్నడగండి. నేను నర్సుని. మా బాబుకి ఏడాదిన్నరప్పుడు పెట్టుకున్నామె వాడి చేతిలో ఫోన్ పెట్టి తను సీరియల్ చూసుకునేది, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసింది, ఆ రాత్రి నాకు డ్యూటీ. ఎంత ఏడ్చానో నాకే తెలుసు. నేర్చుకున్న పిల్ల దొరికితే అదృష్టమే. కానీ అమ్మాయ్, పాప పడుకుంటే రెండు గంటలు ఖాళీయే కదా, నాలుగు గిన్నెలు తోమితే చేతులు అరిగిపోవు.

సిల్క్‌సిటీ_పిల్ల:
అక్కా, ఆ రెండు గంటల్లో నేను వంటగదిలో ఉండి కుళాయి తిప్పితే పాప లేచిన చప్పుడు వినపడదు. నడక వచ్చిన పిల్ల, మంచం దిగేస్తుంది.

నైట్‌డ్యూటీ_అమ్మ:
తలుపు తీసి పెట్టుకుని తోముకోవచ్చు. మేమందరం అలాగే చేసుకున్నాం.

రాయగడ_రాజు:
గిన్నెల దగ్గరే ఆగిపోయారు. ముందు పని గంటలు, సెలవులు, జీతం తేదీ కాగితం మీద రాయించుకో చెల్లెమ్మా. ఇంటి పనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం తెచ్చింది, మన దేశం ఇంకా ఆమోదించలేదు. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం మాత్రం ఇళ్ళలో పనిచేసేవాళ్ళకీ వర్తిస్తుంది, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, గుర్తుపెట్టుకో.

గంజాం_గంగ:
ఇదంతా ఎందుకు, అంగన్‌వాడీలో చేరొచ్చుగా?

సిల్క్‌సిటీ_పిల్ల:
పోస్టు పడాలి, ఆ ఊరివాళ్ళమే అయ్యుండాలి, అయినా చేతికొచ్చేది గౌరవ వేతనం. పైగా అక్కడి ఆటపాటల చదువు 3 ఏళ్ళు నిండినవాళ్ళకి. నాకు ఇంకా చిన్నపిల్లలతోనే ఇష్టం.

మాస్టారూ, కోర్సులో ఏం నేర్పుతారంటే, ఈ వయసు పిల్లలకి వేరుశనగ గింజ గొంతుకి అడ్డం పడితే ఊపిరాడదని, ద్రాక్షపండు నిలువుగా కోసి పెట్టాలని. పాప వేలు పెట్టి కాకిని చూపిస్తే మనం దాని పేరు చెప్పాలి, తను ‘ఆ’ అంటే మళ్ళీ పలకాలి, మాటలు అలా వస్తాయి. ఫోన్‌లో పాట పెడితే ఆ ‘ఆ’కి బదులు పలికేవాళ్ళుండరు. రెండేళ్ళలోపు వాళ్ళకి ఫోన్, టీవీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో చెప్పింది. పుట్టగానే తేనె నాకిస్తాం చూడండి, ఏడాది లోపు అది చుక్క కూడా పెట్టకూడదు.

పర్లాకిమిడి_మాస్టారు:
వచ్చేసింది తేనె! అక్కడికే వస్తావని నాకు తెలుసు. మా ఇంట్లో తరతరాలుగా నాకించారు, ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు పుస్తకాలు చదివి పెద్దవాళ్ళని హంతకులని చేస్తారు మీరు.

నైట్‌డ్యూటీ_అమ్మ:
ఎవరన్నారండీ ఆ మాట? మీ ఇంట్లో ఏమీ కాకపోవడం మీ అదృష్టం. ఆ తేనెలో ఉండే క్రిమి కొందరు పసివాళ్ళకి ప్రాణం మీదకి తెస్తుంది. తెలియనప్పుడు నోరు మూసుకుని వినండి.

రాయగడ_రాజు:
అక్కా, పెద్దాయన. కొంచెం మెల్లగా.

పర్లాకిమిడి_మాస్టారు:
నోరు మూసుకోవాలా? సరే వినండి. మావాడు బెంగళూరులో ఉంటాడు. బిడ్డ పుట్టగానే మా ఆవిడని పిలిపించుకున్నారు, మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళు ఎత్తుకుని తిప్పింది, నేనిక్కడ ఒక్కడినే వండుకు తిన్నాను. తేనె నాకించిందని కోడలు బయటివాళ్ళ ముందు అరిచింది. తర్వాత ‘అత్తయ్యకి పద్ధతి తెలీదు’ అని చదువుకున్న అమ్మాయిని పెట్టుకున్నారు, నెలకి 22,000 ఇచ్చి. మా ఆవిడకి ఒక చీర పెట్టి రైలెక్కించారు. ఆ పనికి జీతం ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

నైట్‌డ్యూటీ_అమ్మ:
అది మీ అబ్బాయిని అడగాల్సిన మాట మాస్టారూ. ఈ పిల్ల ఏం చేసింది?

గంజాం_గంగ:
అక్కా, మీరు మానేసినామెకి ఎంతిచ్చేవారు?

నైట్‌డ్యూటీ_అమ్మ:
అప్పటి రేటు అది. 4,500. భోజనం పెట్టేదాన్ని.

గంజాం_గంగ:
గిన్నెలు?

నైట్‌డ్యూటీ_అమ్మ:
తోమేది. అయితే?

సిల్క్‌సిటీ_పిల్ల:
మాస్టారూ, అమ్మగారి మోకాళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి? నేను రేపు వెళ్ళి 11,000కి దిగి అడుగుతాను, గిన్నెలు మాత్రం తోమను. పాపతో తెలుగే మాట్లాడతాను, వద్దంటే అప్పుడు చూద్దాం.

పర్లాకిమిడి_మాస్టారు:
మెట్లు ఎక్కలేకపోతోంది. 12,000 దగ్గరే ఉండు, దిగకు.