ముద్దాయి ఎవరు: కేసు పెట్టినవాడా, కేసులో పడ్డవాడా?

పోస్టు: ఉర్దూ బాగా తెలిసినవాళ్లు కాస్త తేల్చి చెప్పండి. తెలుగు పేపర్లో ముద్దాయి అంటే కేసులో ఇరుక్కున్నవాడు. మా పక్కింటి ఖాలా మాత్రం కేసు పెట్టినవాడే ముద్దయీ అని పట్టుబట్టింది. ఇద్దరం మలక్‌పేటలోనే పుట్టి పెరిగాం. ఎవరిది తప్పు?

నాంపల్లి వకీలు: ఎవరిదీ కాదు మేడం. అరబ్బీ మూలం ప్రకారం దావా వేసినవాడు ముద్దయీ. మనం రోజూ అనే ‘దావా’ కూడా ఆ ధాతువులోంచి వచ్చిందే. ఎవరి మీద దావా పడిందో అతను ముద్దా అలైహ్. క్రిమినల్ కేసులో అయితే ఉర్దూవాళ్లు ముల్జిమ్ అంటారు. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని సామెత కూడా ఉంది. కేసు వేసినాయన తాపీగా కూర్చుంటే సాక్షి తెగ హడావుడి పడతాడని. అలాంటి సాక్షుల్ని మా కోర్టులో రోజూ చూస్తుంటాను.

కూకట్‌పల్లి నుంచి: మాది గుంటూరు. 1788లోనే ఈస్టిండియా కంపెనీ చేతికి పోయిన సీమ. అక్కడా ముద్దాయి అంటే బోనులో నిలబడేవాడే. కాబట్టి దీన్ని హైదరాబాదీ తికమక అని కొట్టిపారేయకండి. అమీను, నాజరు, మునసబు, జామీను లాంటి కోర్టు మాటలు వచ్చిన దారినే ఇదీ వచ్చింది. ‘ముద్దా అలైహ్’ నోరు తిరగక తోక తెగి ముద్దాయి అయిందని నా ఊహ.

సైదాబాద్ నుంచి: తోక తెగడం దాకా ఎందుకండీ? ఉర్దూ కవిత్వంలో ముద్దయీకి ప్రత్యర్థి అన్న అర్థం ఎప్పటినుంచో ఉంది. కోర్టులో ఎదుటి పక్షంవాడు అనుకుంటే చాలు, అటుది ఇటు కావడానికి.

పాతబస్తీ, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్: మీరు పుస్తకాల సంగతి చెప్తున్రు, నేను టేబుల్ కాడి సంగతి చెప్త. స్టేషన్ల రైటర్‌గ ఉన్నప్పుడు ఒక ముసలాయన వచ్చిండు. రాత్రి దుకాణం షట్టర్ లేపి గల్లా ఎత్తుకపోయిన్రట. కుర్సీల కూసోకముందే ‘మై ముద్దయీ హూఁ సాబ్’ అన్నడు. మా కాడ కొత్తగ చేరిన నల్లగొండ పిలగాడు, ఉర్దూ అంతంత మాత్రం, పెన్ను కింద వెట్టి ‘ఏం జేసినవ్ చాచా?’ అన్నడు. చాచాకు ఎక్కడలేని కోపమొచ్చింది. ‘మైనే క్యా కియా? దుకాన్ మేరీ లుటీ!’ (నేనేం జేసిన? లూటీ అయింది నా దుకాణమే!) అన్నడు. నవ్వు ఆపుకొని నేనే రాసుకున్న.

నవ్వులాటే గని, కాయితం మీద గిట్ల కావొద్దు. ఎఫ్ఐఆర్‌ల ఫిర్యాది గడి వేరు, నిందితుల గడి వేరు. దొంగ ఎవరో తెల్వకుంటే ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాస్తం. రాసినంక చదివి వినిపియ్యాలె, సంతకం వెట్టించుకోవాలె, కాపీ పైసా తీసుకోకుంట ఇయ్యాలె. గది చట్టమే. మా హద్దు కాదు, వేరే స్టేషన్‌కు పో అనుడు గూడ నడ్వది, జీరో ఎఫ్ఐఆర్ చేసి అటు పంపాలె. ఇంకో ముచ్చట. జనం కేసు ‘పెడతరు’, మేం కేసు ‘కడతం’. దరఖాస్తు ఇయ్యంగనే కేసు అయిపోయిందనుకుని ఇంటికి పోతరు చానామంది. ఎఫ్ఐఆర్ నంబర్ వడ్డదా లేదా అడుగుర్రి.

పత్రికలో పనిచేసే సభ్యుడు: హెడ్ సాబ్ చెప్పిన పెట్టడం–కట్టడం తేడా మా కొత్త విలేకరులకు రోజూ చెప్పాల్సి వస్తోంది. మా డెస్కులో ముద్దాయిని వదిలేసి ‘నిందితుడు’ అనే రాస్తున్నాం. నింద పడింది, ఇంకా తేలలేదు అన్న సంగతి ఆ మాటలోనే ఉంది. తీర్పు రాకముందే ‘నేరస్థుల అరెస్టు’ అని శీర్షిక పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. దర్యాప్తు, విచారణ కూడా కలిపేస్తున్నారు. దర్యాప్తు పోలీసులది, విచారణ కోర్టుది. ‘పోలీసులు విచారిస్తున్నారు’ అని మేమే రాసి పాఠకుడికి అలవాటు చేశాం, ఇప్పుడు వెనక్కి లాగడం కష్టం.

నాంపల్లి వకీలు: ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రాయడం కూడా తగ్గించండి సార్. అరెస్టయితే, దారిలో పట్టే సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఊరికే అదుపులో అంటే ఆ లెక్క ఎక్కడ మొదలైందో మీ వార్త చదివినవాడికి తెలియదు. అన్నట్టు, 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది. అయినా స్టేషన్లోనూ కోర్టులోనూ ఇంకా ‘41ఏ ఇచ్చి పంపారు’ అనే వినిపిస్తోంది. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చే ఆ నోటీసు ఇప్పుడు 35(3). నా నోటికీ 41ఏనే ముందొస్తుంది.

కొత్త సభ్యుడు: అన్నా, మధ్యలో అడుగుతున్నా. పంచనామా అంటే ఐదుగురు ఉండాల్నా?

పాతబస్తీ, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్: పేరుకే పంచ్, తమ్మీ. సోదా చేస్తే ఆ ఏరియాల ఉండే పెద్దమనుషులు ఇద్దరుంటే చాలు. గా ఇద్దరు దొరుకుడే మాకు పెద్ద పంచాయితీ. సంతకం అనంగనే గల్లీల తలుపులన్నీ పడ్తయ్. దానిమీద వేరే పోస్టు వెట్టు, చానా ఉన్నయ్ చెప్పెటియి.