కదోష్ అంటే మడి కట్టుకోవడమా, కూలి సమయానికి ఇవ్వడమా?

చదువరి:
లేవీయకాండం 19వ అధ్యాయం మొదట్లోనే "మీరు పరిశుద్ధులై యుండవలెను" అని ఉంటుంది. హీబ్రూలో ఆ మాట కదోష్. మన బైబిల్లో 'పరిశుద్ధ' అని ఉండేసరికి తెలుగువాళ్లకు వెంటనే మడీ మైలా గుర్తొస్తాయి. అక్కడే దారి తప్పుతున్నామని నా వాదన. శుద్ధికీ మైలకూ యూదుల దగ్గర వేరే మాటలున్నాయి: తాహోర్, తామే. కదోష్‌కు ఎదురుమాట 'ఖోల్', అంటే మామూలుది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా పనిరోజులన్నీ ఖోల్. వాటికి ఏ అంటూ లేదు. కదోష్ అంటే వేరుగా తీసిపెట్టినది. పెళ్లిని కిద్దుషిన్ అనడమూ ఆ మూలం నుంచే.

సరే, ఎందుకోసం వేరు? ఆ అధ్యాయంలోనే చూడండి. పొలం కోసేటప్పుడు మూలలు పేదలకు వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకూడదు. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు. తూకంలో మోసం చేయకూడదు. నాకు ఇందులో గుళ్లూ పూజలూ కనబడవు. కదోష్ అంటే సాటిమనిషితో నడుచుకునే తీరు.

కృష్ణ ఒడ్డు:
చదువరి గారూ, మీకు నచ్చినవి ఏరుకున్నారు. అదే అధ్యాయం 5వ వచనం నుంచి బలి మాంసం గురించే ఉంది: మూడో రోజుకు మిగిలితే కాల్చేయాలి. 19వ వచనంలో రెండు రకాల నూలు కలిపిన బట్ట కట్టకూడదని ఉంది. ఉన్నీ నారా కలపడమే అది అని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. దానివల్ల పక్కింటివాడికి ఏం మేలు?

యూదుల బైబిల్ వ్యాఖ్యాత రాషీ (1040–1105) ఈ వాక్యానికి చెప్పిన అర్థం నిషిద్ధ సంబంధాలకు దూరంగా ఉండమని. యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర సంకలనంలో ఒక భాగానికి 'పవిత్రత' అనే పేరు పెట్టాడు. అందులో ఉన్నవి నిషిద్ధ సంబంధాలు, నిషిద్ధ ఆహారం, పశువును కోసే పద్ధతి. కూలీ లేదు, తూకమూ లేదు. ఇంకోటి. షబ్బాత్, అంటే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటిపడేదాకా ఉండే విశ్రాంతి దినం, దాని దీపాలు వెలిగించేటప్పుడు "తన ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రం చేసిన దేవుడు" అని స్తుతిస్తారు. పేదవాడి చేతిలో డబ్బు పెట్టేటప్పుడు ఆ మాటలు పలకరు. ఎందుకంటారు?

జగిత్యాల బిడ్డ:
నేను ఇవన్ని చదివినోన్ని కాదు. ఇస్రాయిల్‌ల ఆరేండ్ల సంది కేర్‌గివర్ పని చేస్తున్న. నేను చూసుకునే పెద్దమనిషిని సబా అంట, అంటే తాత. శుక్రవారం పొద్దుగూకక ముందే వంటంత అయిపోవాలె. ప్లాటా అని కరెంటు పలక ఉంటది, దాని మీద గిన్నెలు పెడితే తెల్లారిదాక వెచ్చగుంటయి. మాంసానికి వేరే గిన్నెలు, పాలకు వేరే. శనివారం చుక్కలు పొడిచినంక హవ్దలా చేస్తడు, అంటే షబ్బాత్‌ను సాగనంపే ప్రార్థన. జడలెక్క అల్లిన వత్తి వెలిగించి, లవంగాల డబ్బా వాసన చూసి, నాకు గూడ అందిస్తడు.

మడి అన్నరు కాబట్టి చెప్తున్న. సబాను బాత్రూంకు నేనే పట్టుకొని తీస్కపోత. బయటికొచ్చి చేతులు కడుక్కున్నంక రోజూ ఒక స్తుతి చదువుతడు. ఒంట్ల రంధ్రాలు, నాళాలు పెట్టినవ్, అందుల ఒక్కటి మూసుకపోయినా నీ ముందట నిలబడలేం అని దాని అర్థమట. దేవుని పేరు అక్కడ గూడ తీసుకుంటరని నాకు తెల్వకుండె.

ముందు చేసిన ఇంట్ల చెంచా తారుమారైతే పెద్ద లొల్లి. జీతం మాత్రం ఇరవయ్యో తారీఖు దాక రాకపోతుండె. ఆ ఇంట్ల కదోష్ ఉన్నదా? మీరే చెప్పుండ్రి.

చదువరి:
అన్నా, నేను చెప్పలేనిది మీరు చెప్పారు. మరో యూదు పండితుడు నహ్మనిదీస్ (1194–1270) ఇలాంటివాళ్ల గురించే రాశాడు: ధర్మశాస్త్రం అనుమతితోనే నీచుడిగా బతికేవాడు. తినదగినదే తింటాడు, తిండిబోతులా తింటాడు. 'పవిత్రులై ఉండండి' అన్నది ఆ సందు మూయడానికే అంటాడాయన.

కృష్ణ ఒడ్డు:
అక్కడ సరిదిద్దాలి. నహ్మనిదీస్ చెప్పింది నిషేధమే లేని చోట హద్దు మరిచేవాడి గురించి. కూలి ఆపడం నేరుగా నిషేధం. ఆ ఇంటివాళ్లు చేసింది ధర్మశాస్త్రాన్ని మీరడమే. అన్నా, మీ జీతం ఆపడం ఏ లెక్కన చూసినా తప్పే. ఆ విషయంలో నాకు వాదన లేదు.

చదువరి:
సరిదిద్దినందుకు సంతోషం. గుళ్లూ పూజలూ లేవన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నా, బలి మాంసం అక్కడే ఉంది. దానం దగ్గర స్తుతి ఎందుకు లేదన్నదానికి బార్సిలోనా పండితుడు రష్బా జవాబు: తీసుకునేవాడు వద్దనవచ్చు, ఆ పని నీ ఒక్కడి చేతిలో లేదు కాబట్టి. అంతేగానీ దానం తక్కువదని కాదు.

ఇక ఉన్నీ నారా. ప్రధాన యాజకుడు పైన కట్టుకునే ఏఫోదు అనే వస్త్రం నేసింది ఆ రెండూ కలిపే! అంటే ఆ కలయికకు మైల లేదు, మామూలు వాడకం నుంచి తీసి పక్కన పెట్టారు. రాత్రంతా దీని గురించే ఆలోచించాను. పొలంలో ఒక మూల, వారంలో ఒక రోజు, బట్టల్లో ఒక నేత. అన్నిట్లోనూ ఉన్నది 'మొత్తం నాదే' అనకపోవడం. ధర్మశాస్త్రంలో మొట్టమొదట పవిత్రమైంది కొండా కాదు, గుడారమూ కాదు, ఏడో రోజు.

కృష్ణ ఒడ్డు:
ఏఫోదు సంగతి ఒప్పుకుంటా. కానీ మీ సూత్రం పంది మాంసం దగ్గర ఆగిపోతుంది. పొలం మూల వదిలితే పేదవాడికి చేరుతుంది. పంది మాంసం మానేస్తే ఎవరికి చేరింది? కొన్ని ఆజ్ఞలు కేవలం ఆజ్ఞలే. కారణం తెలిశాక పాటించడం, తెలియకుండా పాటించడం వేరువేరు. పవిత్రత ఆ రెండో దాంట్లోనే ఉందని నా పట్టు. షబ్బాత్ కూడా అంతే, ఒకరి చేతికి అందేది కాదు.

చదువరి:
షబ్బాత్ విషయంలో కాదండీ. నిర్గమకాండం 20వ అధ్యాయంలో దాసుడు, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి కూడా ఆ రోజు పని చేయకూడదని ఉంది. పంది మాంసం దగ్గర మాత్రం నా దగ్గర జవాబు లేదు.

జగిత్యాల బిడ్డ:
పరదేశి అన్నరు గదా. శుక్రవారం రాత్రి లైటు బందుంటే సబా నన్ను వేయమని అడగడు, అడగొద్దట. చీకట్లనే కూసుంటడు. నా పని కోసం నేను వేస్కుంటే ఏమనడు. కుర్చీ జరుపుకొని ఆ వెలుగుల పుస్తకం చదువుకుంటడు.