9వ తరగతికి హెచ్‌ఐవీ పాఠం, ఒక్క పీరియడ్‌లో ఎలా?

జీవశాస్త్రం టీచర్:
క్లాసులో 40 మంది, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఉంటారు. 45 నిమిషాలు దొరికాయి. ఉపన్యాసం మొదలుపెడితే ముందు బెంచీలు తల దించుకుంటాయి, వెనక బెంచీలు నవ్వుతాయి. ఎలా నడపాలి?

కెమిస్ట్రీ ల్యాబ్:
ఫినాఫ్తలీన్‌తో (క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ద్రావణం) మొదలుపెట్టండి మేడమ్. 16 గ్లాసులకు నంబర్లు వేసి, మూడో వంతు నీళ్లు పోయండి. ఒక్కదాంట్లో ముందే అర చెంచా బట్టల సోడా కరిగించండి, అదే వైరస్ అనుకోవాలి. పిల్లలు రెండేసి గ్లాసుల నీళ్లు పూర్తిగా కలిపి, మళ్లీ చెరిసగం చేయాలి. ఇలా జతలు మార్చి మూడుసార్లు. చూపుకు అన్నీ మంచినీళ్లే. ఒక్కో చుక్క ఫినాఫ్తలీన్ వేస్తే 8 గ్లాసుల దాకా గులాబీ రంగుకు తిరుగుతాయి. కొన్ని బోరు నీళ్లకు క్షారగుణం ఎక్కువ, సోడా లేకుండానే రంగొస్తుంది. ముందురోజే పరీక్షించుకోండి. తాగే గ్లాసులు వద్దు.

ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) కౌన్సెలర్:
ఆట మంచిదే. అయితే ఎవరి గ్లాసు వాళ్లకిస్తే, రంగొచ్చిన పిల్లకు పేరు పడిపోతుంది. గ్లాసులు బల్ల మీదే ఉంచి నంబర్లతోనే మాట్లాడండి. 'కలిసి తిరిగితే అంటుకుంటుంది' అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఆ నీళ్లంటే రక్తం, వీర్యం, యోని స్రావాలు, తల్లిపాలు అని అక్కడే చెప్పేయాలి. కంచం, బాత్రూం, కరచాలనం కాదు. దోమ సంగతి తప్పక అడుగుతారు: దోమ ఒంట్లో ఈ వైరస్ పెరగదు, కుట్టేటప్పుడు అది మనలోకి వదిలేది లాలాజలమే.

చిక్కి శల్యమైన రోగుల ఫొటోలు దయచేసి చూపొద్దు. ఆరోగ్యంగా కనిపించేవాళ్లకు హెచ్‌ఐవీ ఉండదనే తప్పు నమ్మకం వాటివల్లే స్థిరపడుతుంది. పుట్టుకతో వైరస్ సోకి, రోజూ మాత్ర వేసుకునే పిల్లలు మీ క్లాసులోనే ఉండొచ్చు. వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. వాటితో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే కొనసాగితే లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ మాట పిల్లలకు తెలియాలి.

జీవశాస్త్రం టీచర్:
అడగమంటే ఎవరూ నోరు విప్పరు. టెస్ట్ సంగతి కూడా చెప్పొచ్చా?

ఐసీటీసీ కౌన్సెలర్:
అందరికీ చీటీలివ్వండి, పేరు రాయొద్దనండి. ప్రశ్న లేనివాళ్లు 'ఏమీ లేదు' అని రాయాలి. అప్పుడు అందరి పెన్నూ కదులుతుంది, అడిగిందెవరో తెలియదు. చేతిరాత గుర్తుపడతారు కనుక చీటీలు మీరే చదవండి.

టెస్ట్ గురించి తప్పక చెప్పండి. ఐసీటీసీలో ఉచితం. సోకిన మర్నాడే బయటపడదు, మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. 18 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి కావాలి. 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ ఉచితం, నంబరు బోర్డు మీద రాయండి. వాడిన సూది గుచ్చుకున్నా, లైంగిక దాడి జరిగినా 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేరాలి. నివారణ మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, 28 రోజులు వాడాలి.

తనకే హెచ్‌ఐవీ ఉందని ఏ బిడ్డయినా చెబితే స్టాఫ్‌రూంలో పొక్కనివ్వొద్దు, 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం గోప్యత కోరుతుంది. పిల్లలపై లైంగిక దాడి అయితే మాత్రం పోక్సో చట్టం కింద ఫిర్యాదు తప్పనిసరి.