బాణం తగిలిన జింక దొరకలేదు. జాడ పట్టడం మన లంకల్లో ఎవరైనా నేర్పిస్తారా?

లంక కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది అయినవిల్లి వైపు లంక ఊరు. ఆరేళ్ళుగా అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటున్నాను, సంక్రాంతికి వచ్చి ఈ నెలాఖరు దాకా ఇంటి దగ్గరే ఉంటాను. ఒక విషయం మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇంట్లో చెప్తే అమ్మ బాధపడుద్ది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అక్కడ విల్లుతో జింకని వేటాడటం చట్టప్రకారమే, దానికి సీజన్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, క్లాసు చదివి పరీక్ష రాయాలి. నేను రెండేళ్ళు కాంపౌండ్ బౌతో, అంటే కొసల్లో కప్పీలుండే విల్లుతో, టార్గెట్ మీద కొట్టి కొట్టి, చెయ్యి కుదిరాక మొన్న నవంబర్ మొదటి వారం మొదటిసారి చెట్టు మీద స్టాండ్ కట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం నాలుగుంపావుకి ఒక మగ జింక వచ్చింది, 22 గజాల దూరం, పూర్తిగా అడ్డంగా లేదు, కొంచెం నా వైపుకి తిరిగి ఉంది, ఆగాల్సింది, ఆగలేదు, వదిలేశాను. బాణం తగిలింది, చప్పుడు విన్నాను, జింక వీపు వంచి నాలుగు గెంతులేసి నెమ్మదిగా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్ళిపోయింది. చీకటి పడిపోతుందని కంగారులో అయిదు నిమిషాలకే దిగేసి ఫోన్ లైటు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. ఎండిన ఓక్ ఆకుల మీద ముదురు రంగు రక్తం, బెల్లం పాకం అడుగంటినట్టు. ఒక అరవై గజాల్లో అది పడుకుని లేచిన చోటు కనిపించింది, గడ్డి అణిగి ఉంది, చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. అంతే, అక్కడి నుంచి ఒక్క చుక్క లేదు. రాత్రి వర్షం పడింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా సెలవు పెట్టి వెతికాను. దొరకలేదండి.

నా తప్పు ఎక్కడో తెలుసుకోవాలి. ఇంకోటి, జాడ చూసి జంతువు ఎటెళ్ళిందో చెప్పగలిగే పెద్దవాళ్ళు మన లంకల్లో ఇంకా ఉన్నారా? ఉంటే ఈ పదిహేను రోజులూ వాళ్ళ వెనకాల తిరిగి నేర్చుకుంటాను. అది రాకుండా మళ్ళీ విల్లు ముట్టుకోదల్చుకోలేదు.

గోస్తనీ గట్టు:

తమ్ముడూ, నేను పెన్సిల్వేనియాలో పదకొండేళ్ళు ఉండి వెనక్కొచ్చేశాను, ఇప్పుడు భీమవరం దగ్గర చెరువులు చూసుకుంటున్నాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ అక్టోబర్ వస్తే శనివారాలు అడవిలోనే. నాకూ ఒకటి పోయింది, పన్నెండేళ్ళయినా ఆ చోటు కళ్ళముందే ఉంది, కాబట్టి నీ బాధ నాకు తెలుసు.

ముదురు రంగు అన్నావు చూడు, అది కార్జం రక్తం. ఊపిరితిత్తులకి తగిలితే రక్తం లేత ఎరుపులో ఉండి బుడగలు బుడగలుగా నురగ ఉంటుంది, అలాంటి జింక చాలాసార్లు వంద గజాల్లోపే పడిపోద్ది, అయినా సరే అరగంట స్టాండ్ మీంచి కదలకూడదు. కార్జానికి తగిలితే 4 నుంచి 6 గంటలు ఆగాలి. పొట్టకో పేగులకో తగిలితే బాణం మీద ఆకుపచ్చ మడ్డి ఉంటుంది, బోటీ కడిగేటప్పుడు వచ్చే వాసన వస్తుంది, అప్పుడు 8 నుంచి 12 గంటలు, అంటే ఇంటికెళ్ళి పడుకుని పొద్దున్నే రావడమే. వీపు వంచి నెమ్మదిగా నడిచింది అన్నావే, అదొక్కటే చాలు నువ్వు ఆగాలి అని చెప్పడానికి. వెనకాల ఎవరూ రావట్లేదనుకుంటే దెబ్బ తగిలిన జింక దగ్గర్లోనే పడుకుంటుంది, పడుకున్న చోటే ప్రాణం పోతుంది. అది అరవై గజాల్లోనే పడుకుంది తమ్ముడూ. నువ్వు వెళ్ళి లేపావు. లేచాక భయంతో ఎంత దూరమైనా పోద్ది, పైగా పడుకున్నప్పుడు గాయం మూసుకుపోయి చుక్క కూడా కింద పడదు.

వర్షం వస్తుందని తెలిస్తే మరి ఏం చెయ్యాలి అని అడుగుతావు. నిజంగా కష్టమైన లెక్కే. నేనైతే అప్పుడు కూడా ఆగుతాను, ఎందుకంటే చుక్కలు కడుక్కుపోయినా జింక ఉన్నచోటే ఉంటుంది, లేపితే రెండూ పోతాయి. పట్టీ కట్టిన కుక్కతో వెతికించడానికి చాలా స్టేట్స్‌లో ఒప్పుకుంటారు, విస్కాన్సిన్‌లో కూడా. కొన్ని గంటలు గడిచినా, వాన పడినా మంచి కుక్క పట్టేస్తుంది, అలా వెతికిపెట్టేవాళ్ళ నెంబర్ సీజన్‌కి ముందే ఫోన్‌లో పెట్టుకో. జింక పక్కవాళ్ళ పొలంలోకి వెళ్తే ముందు వాళ్ళ తలుపు కొట్టి అడిగి వెళ్ళాలి, అది మర్చిపోవద్దు.

ఇంక జాడ మీద నడిచే పద్ధతి. ముందు బాణం వెతుకు, బాణమే సగం కథ చెప్తుంది. జాడ మీద కాలు వెయ్యకు, పక్కనే నడువు. చుక్క కనిపించిన ప్రతిచోటా తెల్ల కాగితం ముక్క ఒకటి పెట్టుకుంటూ పో, నాలుగు పెట్టాక వెనక్కి తిరిగి చూస్తే అది ఏ దారిన పోతుందో గీత గీసినట్టు కనపడుద్ది. చివరి చుక్క దగ్గర ఒకర్ని నిలబెట్టి రెండోవాళ్ళే ముందుకి వెతకాలి. మేపుల్ ఆకుల మీద ఎర్ర మచ్చలు ఉంటాయి, రక్తమో కాదో తెలీదు, దెబ్బలకి రాసే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్క చుక్క వెయ్యి, రక్తమైతే బుసబుసా పొంగుద్ది.

అన్నిటికంటే ముందు, నీ వైపు తిరిగిన జింకని విల్లుతో కొట్టకూడదు. భుజం ఎముక అడ్డం, వెనకాల పొట్ట. అడ్డంగా నిలబడాలి, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉండాలి, అప్పుడే బాణం రెండు ఊపిరితిత్తుల్లోంచీ పోతుంది. అలా తిరక్కపోతే కొట్టకుండా దిగి ఇంటికి రావాలి.

కొబ్బరాకు:

నేను వేట గురించి ఏమీ తెలియనిదాన్ని, తప్పుగా అనుకోకండి. ఆ వెచ్చటి గడ్డి దగ్గర చదవడం ఆపేశాను, కాసేపు చదవలేకపోయాను. మన దగ్గర జింకని చంపితే జైలుకి పోతారు, కృష్ణజింక అయితే 3 నుంచి 7 ఏళ్ళు. అక్కడ మాత్రం ఎందుకు చంపాలండి? కొట్లో మాంసం దొరకదా?

లంక కుర్రాడు:

దొరుకుద్దండి. మీరు అడిగింది న్యాయమే. నేను కొట్లో కొన్నది కూడా ఒక ప్రాణమే, దాన్ని ఎవరో నా కోసం చంపారు, ఆ పని నా చేత్తో చేసి పూర్తిగా బాధ్యత తీసుకోవాలనుకున్నాను. ఆ బాధ్యతే సగంలో వదిలేసినట్టయింది, అందుకే నిద్ర పట్టట్లేదు.

గోస్తనీ గట్టు:

అమ్మా, అక్కడి లెక్క వేరు. ఆ తెల్లతోక జింకల్ని తినే తోడేళ్ళు చాలా చోట్ల ఎప్పుడో పోయాయి, జింకలు పెరిగిపోయి మొలక మొక్కల్ని మిగల్చవు, రోడ్ల మీద కార్ల కింద పడి అవీ చస్తాయి మనుషులూ చస్తారు. అందుకని ఎక్కడ ఎన్ని కొట్టొచ్చో గవర్నమెంటే ఏడాదికేడాది లెక్క కడుతుంది. వేట తుపాకుల మీద వచ్చే పన్ను డబ్బు జంతువులకీ అడవులకీ ఖర్చుపెట్టాలని 1937లో అక్కడ చట్టం చేశారు, విల్లు బాణాల్ని 1972లో ఆ పన్నులోకి తెచ్చారు. అదే 1972లో మనకి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మన దగ్గర జింకలు మిగిలిందే తక్కువ, ఇక్కడ వేట వద్దు అనేది నూటికి నూరుపాళ్ళు నేనూ ఒప్పుకుంటాను. విల్లు అలవాటు తప్పకూడదనుకుంటే టార్గెట్ చాలు తమ్ముడూ, మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 బంగారు పతకాలు కొట్టింది కాంపౌండ్ బౌతోనే.

మడచెట్టు:

అన్నా, జాడలు నేర్చుకోవాలంటే మా తాళ్ళరేవు వైపు రండి. నేను కోరంగి పక్కనే పుట్టాను, చిన్నప్పట్నుంచి నాన్నతో పీతలకి తిరిగినోణ్ణి. అభయారణ్యం లోపలికి పర్మిషన్ లేకుండా తీసుకెళ్ళనండి, దాని అవసరం కూడా లేదు, బయట రొయ్యల చెరువు గట్లూ కాలవ ఒడ్లూ చాలు. బావురు పిల్లి, నక్క, నీటికుక్క మూడూ రాత్రి అక్కడే తిరుగుతాయి.

అడవిలో ఆకుల మీద జాడ ఎంతసేపటిదో చెప్పడం కష్టం అంటారు కదా, మాకు ఆ బాధ లేదు, మాకు పోటూ పాటూ ఉన్నాయి, అంటే సముద్రం నీళ్ళు ఎక్కడం, దిగడం. పోటు పన్నెండు గంటల పాతిక నిమిషాలకి ఒకసారి వస్తుంది. పోటు నీళ్ళు తడిపిన గీతకి కింద అచ్చు ఉందంటే అది ఆ పోటు దిగాక పడిందే, ఇంక ఆలోచించక్కర్లేదు. గీతకి పైన ఉంటే అప్పుడు అంచు చూడాలి. కొత్త అచ్చుకి అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, అడుగున నీళ్ళు ఇంకా ఊరుతూ ఉంటాయి. గంట రెండు గంటలైతే పైన తడి మెరుపు పోతుంది. ఇంకా ఆలస్యమైతే చిన్న పీతలు అచ్చులోంచి నడిచి సన్న గీతలు గీసేస్తాయి, అవి మాకు గడియారంలో ముళ్ళు.

నక్కకి నాలుగు వేళ్ళూ గోళ్ళూ పడతాయి. నీటికుక్కకి అయిదు వేళ్ళు, మధ్యలో చర్మం అచ్చు కూడా మెత్తటి బురదలో కనపడుద్ది. పిల్లి జాతికి గోరు పడదు అని చెప్తారు గానీ బావురు పిల్లికి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, అందుకని ఒక్కోసారి వేలి ముందు సూదితో పొడిచినట్టు చుక్క ఉంటుంది. అది మొదటిసారి నా అంతట నేను కనిపెట్టినరోజు అన్నం తినబుద్ధి కాలేదు, మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను.

రేవు గట్టు:

బాబూ, నాకు అరవై నాలుగు. ఈ చదువు మాకు గేదెల దగ్గర వచ్చింది, లంకలోకి తోలిన గేదె రాకపోతే డెక్క జాడ చూసుకుంటూ పోయేవాళ్ళం, నాలుగు లంకల గేదెల్లో మాదేదో నాన్న అచ్చు చూసి చెప్పేవాడు.

2022 జులై వరద నీకు తెలుసు కదా. నీళ్ళు తీశాక మా అరటితోటలో ఒండ్రు మీద ఒక అచ్చు కనిపించింది. మేకదనుకున్నారు మావాళ్ళు. మేక అచ్చు ముక్కు మొద్దుగా ఉంటుంది, ఇది సన్నగా, రెండు చింతగింజలు పక్కపక్కన నిలబెట్టి నొక్కినట్టు ఉంది. జింక. పై నుంచి కొట్టుకొచ్చేసింది పాపం. మనుషుల్ని పంపేసి, కుక్కల్ని కట్టించేసి, నేనూ మా తమ్ముడూ వెళ్ళాం. ఒక వెదురు పుల్ల తీసుకుని ఒక అడుగు నుంచి ఇంకో అడుగుకి ఎంతుందో పుల్ల మీద గాటు పెట్టాం. అచ్చు పోయినచోట, చివరి అచ్చు దగ్గర పుల్ల ఆనించి అర్ధచంద్రంలా తిప్పితే తర్వాతి అడుగు ఆ గాటు దగ్గరే ఎక్కడో ఉండాలి, నువ్వు ఆ జానెడు చోటే చూస్తావు, పొలమంతా చూడవు. నడిచేటప్పుడు వెనక కాలు ముందు కాలి అచ్చులోనే పడుద్ది, గిట్టలు దగ్గరగా ఉంటాయి. పరిగెత్తితే గిట్టలు విచ్చుకుంటాయి, వెనకున్న చిన్న గిట్టలు కూడా బురదలో దిగుతాయి. దీనికి ఒక కాలు లోతుగా, ఒకటి పైపైన పడుతోంది. కుంటుతోందన్నమాట.

ఎండ నెత్తిమీద ఉంటే అచ్చు కనపడదు బాబూ, నీడ ఉండదు. పొద్దున్నా సాయంత్రం చూడాలి, సూర్యుడు నీకు ఎదురుగా ఉండాలి, అచ్చు నీకూ సూర్యుడికీ మధ్యలో. రాత్రైతే లైటు పై నుంచి కొట్టకు, నేల మీద పక్కనుంచి పట్టు. నువ్వు ఆ రాత్రి ఫోన్ లైటు ఎలా పట్టుకున్నావో నేను చెప్పగలను.

రెల్లు దుబ్బు వెనకాల పడుకుని ఉంది, చెవులు మాత్రం కదుల్తున్నాయి. అడుగు ముందుకి వెయ్యలేదు మేము. తరిమితే గుండె ఆగిపోద్ది దానికి. అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళు వల తీసుకుని వచ్చేదాకా మూడు గంటలు ఆ బురదలో కూర్చున్నాం.

లంక కుర్రాడు:

బాబాయ్, లైటు పై నుంచే కొట్టానండి. నిలబడి, తల ఎత్తు నుంచి.

మీ పుల్ల సంగతి చదివి ఈ పొద్దున్న మా పెదనాన్న గారి దూడ వెనకాల వెళ్ళాను. గట్టు మీద పొడి నేలలో రెండుసార్లు పోయింది, రెండుసార్లూ గాటు దగ్గరే దొరికింది, ఒకటి అరచేతి కింద ఉంది, నేను దాని మీదే చెయ్యి ఆనించి కూర్చున్నాను. రెండు వందల అడుగులకి గంటంపావు పట్టింది.

మీ ఊరు ఎక్కడో మెసేజ్ పెట్టండి, వస్తాను. మడచెట్టు తమ్ముడూ, ఆదివారం అక్కడ పాటు ఎన్నింటికి?

మడచెట్టు:

పొద్దున్న ఆరున్నరకి నీళ్ళు బాగా దిగుతాయి అన్నా. ఆరుకల్లా వంతెన దగ్గరికి వచ్చెయ్యండి. చెప్పులు వద్దు, బురదలో ఊడిపోతాయి. పుల్ల నేను తెస్తాను.