డీకంపోజర్ చల్లినా వరి కొయ్యలు చివకలేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ వైపు. రెండెకరాల వానాకాలం వరి మిషన్‌తో కోయించాం. ఈసారి కొయ్యలు కాల్చొద్దని గట్టిగా అనుకున్నాను. 200 లీటర్ల డ్రమ్ములో 2 కిలోల బెల్లం కలిపి వేస్ట్ డీకంపోజర్ (గడ్డిని చివికించే సూక్ష్మజీవుల ద్రావణం) తయారు చేసి, వారం తర్వాత పొలమంతా చల్లాను. ఇరవై రోజులైంది, గడ్డి అలాగే ఉంది. యాసంగి నారు పోసి పది రోజులు. టెన్షన్‌గా ఉంది. మందు నకిలీదా?

జవాబు: మందును అనుమానించే ముందు ఒకటి చెప్పండి అన్నా. చల్లిన రోజు నేలలో తడి ఉందా? గడ్డి ముక్కలు చేయించారా?

అడిగినవారు: నేల ఎండే ఉంది. గడ్డి మిషన్ వదిలిన వరుసల్లోనే ఉంది.

జవాబు: అయితే కారణం అదే. డ్రమ్ములో పెరిగినవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. ఎండలో పొడిగడ్డి మీద పడితే చాలావరకు చచ్చిపోతాయి. బతికినవాటికి కూడా గడ్డిలోకి దారి దొరకదు. వాటి తిండి గడ్డిలోని పీచు పదార్థం, సెల్యులోజ్. దాని చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం అల్లుకుని ఉంటుంది, పైన ఇసుకలాంటి సిలికా. వరి ఆకు చేతికి గరుగ్గా తగిలేది ఆ సిలికా వల్లే. 2022లో పానిపట్‌లో మొదలైన ఇథనాల్ ఫ్యాక్టరీ కూడా వరిగడ్డినే వాడుతుంది. అక్కడైనా ముందు గడ్డిలోని ఆ గట్టి అల్లికను విప్పాకే సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైములు పని చేస్తాయి. మన పొలంలో ఆ పని రోటవేటర్, తడి చేయాలి.

రెండోది నత్రజని. వరిగడ్డిలో కర్బనం నత్రజనికి దాదాపు 80 రెట్లు ఉంటుంది. జోరుగా చివకాలంటే 25-30 రెట్లకు మించకూడదు. ఆ లోటును సూక్ష్మజీవులు నేలలోంచే లాక్కుంటాయి. చివకని గడ్డి ఉన్న మడిలో నాటిన పైరు పసుపు తిరిగేది అందుకే.

ఇప్పుడు ఒక తడి ఇవ్వండి. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చల్లి రోటవేటర్‌తో కలియదున్నించండి. నేనైతే దాంతోపాటు 10 కిలోల యూరియా కూడా వేస్తాను. డీకంపోజర్ మిగిలి ఉంటే సాయంత్రం పూట, దున్నే ముందు చల్లండి. తర్వాత పదును ఆరనివ్వకండి, అలాగని నీళ్లు నిలబెట్టకండి. గాలి ఆడకపోతే గడ్డి కుళ్లి ఆమ్లాలు పుడతాయి, నాటిన పైరు వేర్లు దెబ్బతింటాయి.

మరొకరు: మాకు రెండు గేదెలున్నాయి. గడ్డికి యూరియా కలిపి మేపుతారంటారు, అది కూడా ఇదేనా?

జవాబు: యూరియా ఒకటే, పని వేరు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కండి. గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచండి. యూరియా అమ్మోనియాగా మారి లిగ్నిన్ పట్టు సడలిస్తుంది. అప్పుడు గేదె కడుపులోని సూక్ష్మజీవులకు సెల్యులోజ్ అందుతుంది. తీశాక ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయండి. ఆరు నెలల లోపు దూడలకు అస్సలు వద్దు. యూరియా నీళ్లు పశువుకు అందే చోట పెట్టకండి, తాగితే ప్రాణం పోతుంది.

అడిగినవారు: రేపే తడి పెడుతున్నా అన్నా. నాటు ఎప్పుడు వేయొచ్చో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఈ చలికి మూడు వారాలు పట్టొచ్చు. అప్పటికి మీ నారు కూడా అందివస్తుంది. నాలుగైదు చోట్ల మట్టిలోంచి గడ్డి తీసి మెలితిప్పి చూడండి. పుటుక్కున తెగితే దమ్ము చేసి నాటేయండి. ఇంకా నారలా సాగితే మరో నాలుగు రోజులు ఆగండి.